లాక్, హాబ్స్ చదివేటప్పుడు ‘బానిస’ అన్న మాట వస్తే ఎట్లా పట్టుకోవాలి

పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్నోళ్లు చాలామంది 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ దగ్గరికొచ్చి ఇరుక్కుంటరు, స్వేచ్ఛ స్వేచ్ఛ అని అన్ని పేజీలు రాసిన మనిషి బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీల పైసలు ఎట్లా పెట్టిండు అని. చిక్కడపల్లి లైబ్రరీల కూర్చొని చదివేటప్పుడు నాకూ ఇదే పరేషాన్. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్న, అది చెప్తా.

ముందు కోఠీలనో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో సొంత కాపీ కొనుక్కోండి, లైబ్రరీ పుస్తకంల గీతలు గీయొద్దు. రెండు రంగుల పెన్సిళ్లు పెట్టుకోండి. స్లేవరీ అన్న మాట వచ్చినప్పుడల్లా ఆగాలె. నిజంగా కొని అమ్మే మనుషుల గురించి అయితే ఎర్ర గీత, రాజు ఇష్టారాజ్యం కింద బతికే జనాన్ని బానిసలంటే నీలం గీత. 1689ల వచ్చిన లాక్ మొదటి ట్రీటైజ్ (ప్రభుత్వం మీద రాసిన రెండు గ్రంథాలల్ల మొదటిది) బానిసత్వం ఎంత నీచమో చెప్తూనే మొదలైతది, కానీ అది నీలమే, అక్కడ ఆయన కొట్లాట రాజుల హక్కుని వెనకేసుకొచ్చిన ఫిల్మర్‌తోని.

ఇంక రెండో ట్రీటైజ్ నాలుగో చాప్టర్. 22 నుంచి 24 దాకా మూడే సెక్షన్లు, చాయ్ తాగేలోపు అయిపోతది, అయినా మూడుసార్లు చదవండి. ఇంకొకని ఇష్టం ఎప్పుడెట్లా మారుతదో తెల్వకుండా దాని కింద పడి ఉండకపోవుడే స్వేచ్ఛ అంటడు. నీ ప్రాణం మీద నీకే అంత అధికారం లేదు, అందుకే ఒప్పందం రాసిచ్చి కూడా ఎవ్వరికీ బానిసవి కాలేవు. న్యాయమైన యుద్ధంల ఓడి చావాల్సిన బందీ ఒక్కడే మినహాయింపు, వాని పిల్లల మీద కూడా గెలిచినోనికి హక్కు లేదని 16వ చాప్టర్‌ల అంటడు. ఇప్పుడు ఆయన చెయ్యి ఉన్న 1669 నాటి కరోలినా (అమెరికాల ఇంగ్లిష్ వలస) రాజ్యాంగం పక్కన పెట్టండి, ప్రతి ఫ్రీమ్యాన్‌కి, అంటే బానిస కాని పౌరునికి, తన నల్లజాతి బానిసల మీద పూర్తి అధికారం అని ఉంటది. రెండిటికీ అతకదు. పరీక్ష ఆన్సర్‌ల ‘ఆ కాలం అట్లాంటిది’ అని మాత్రం దయచేసి రాయకండి, ఫ్రెంచ్ రచయిత బోడిన్ 1576లనే బానిసత్వాన్ని తప్పుపట్టిండు.

తర్వాత ఒక మనిషిని పెట్టి చూడండి. మా నానమ్మ వాళ్ల నాయిన గడీకి వెట్టికి పోయేటోడట. ‘దొర మంచోడు బిడ్డా, ఎన్నడూ చెయ్యెత్తలే’ అంటది, అదే నోటితోని, కబురొస్తే తినే తిండి ఇడిచిపెట్టి చెయ్యి కడుక్కునేటోడు అని కూడా అంటది. ఇంకో ఇంగ్లిష్ తత్వవేత్త థామస్ హాబ్స్ 1651 నాటి తన పుస్తకం లెవయతాన్ 21వ చాప్టర్‌ల, ఓడ మునుగుతదని భయపడి సామాను సముద్రంల పారేసినోడు కూడా స్వేచ్ఛగనే పారేసిండు అంటడు, ఆ లెక్కన మా ముత్తాత స్వతంత్రుడే, సంకెళ్లు లెవ్వు కదా. లాక్ చెప్పిన అర్థంల కాడు, ఎందుకంటే కొట్టుడా ఊకునుడా అన్నది దొర చేతిలనే ఉండె. ఫ్రెంచ్‌ల రాసిన తత్వవేత్త రూసో 1762ల ఇంకా గట్టిగ, బానిసత్వం, హక్కు అన్న రెండు మాటలకే పొసగదంటడు.

చివరికి ఇంగ్లిష్ రచయిత్రి మేరీ ఆస్టెల్ పెళ్లి మీద రాసిన పుస్తకానికి 1706ల చేర్చిన ముందుమాట చదవండి. మగాళ్లందరూ స్వతంత్రులుగ పుడితే ఆడోళ్లందరూ బానిసలుగ ఎట్లా పుడతరు అని సూటిగ అడుగుతది. ఆ వాక్యం కింద ఏ రంగు గీయాల్నో నాకు శానాసేపు తోచలే, రెండూ గీసిన.