ఇంటి కరెంటు లెక్కలు – 4వ పాఠం: రెండు రీడింగులతో నిరోధం, పవర్

క్లాంప్ మీటరును (తీగను కోయకుండా, చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే మీటరు) ఫేజు తీగ ఒక్కదానికే తగిలించి ఆంపియర్లు చదవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ అంకెకు వోల్టేజిని జతచేసి రెండు సంగతులు రాబడదాం: వస్తువు నిరోధం (కరెంటు పారకుండా అది చూపే అడ్డు) ఎంత, అది ఎన్ని వాట్లు లాగుతోంది.

నీళ్లు కాచే రాడ్డును తీసుకుందాం. దాన్ని నీళ్లలో ముంచి స్విచ్చి వేశాక సాకెట్ దగ్గర 220 వోల్టులు, తీగలో 6.2 ఆంపియర్లు కనిపించాయనుకోండి.

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు = 220 ÷ 6.2 = 35.5 ఓమ్‌లు
పవర్ = వోల్టేజి × కరెంటు = 220 × 6.2 = 1364 వాట్లు

రాడ్డు మీద 1500 వాట్లని రాసి ఉందే! ఆ అంకె 230 వోల్టులకు లెక్కగట్టినది. అంత వోల్టేజి అందితే మన రాడ్డులో 230 ÷ 35.5, అంటే 6.48 ఆంపియర్లు పారతాయి. పవర్ 1490 వాట్లు. రాసినదానికి ఇంచుమించు సరిపోయింది.

ఇక లో వోల్టేజి వచ్చి 180 వోల్టులే అందుతున్నాయనుకుందాం. కరెంటు 5.07 ఆంపియర్లకు, పవర్ 913 వాట్లకు దిగుతుంది. 230తో పోలిస్తే వోల్టేజి తగ్గింది 22 శాతమే, పవర్ మాత్రం 39 శాతం పడిపోయింది. వోల్టేజి తగ్గితే దాంతోపాటు కరెంటూ తగ్గుతుంది. తగ్గిన ఆ రెండింటినే మనం గుణిస్తున్నాం. అందుకే బకెట్టు నీళ్లు కాగడానికి ఒకటిన్నర రెట్లకు పైగా సమయం పడుతుంది.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే లెక్క ఇప్పుడు వస్తోంది. రాడ్డు ఆపి ఉన్నప్పుడు అదే సాకెట్లో 224 వోల్టులు ఉండి, వేయగానే 220 అయితే ఆ 4 వోల్టులు దారిలో, అంటే తీగల్లో, జాయింట్లలో, స్క్రూల దగ్గర ఖర్చయ్యాయి. ఆ దారిలోనూ పారేది అదే 6.2 ఆంపియర్లు. కాబట్టి దారి నిరోధం 4 ÷ 6.2 = 0.65 ఓమ్. అక్కడ పుట్టే వేడి 4 × 6.2 = దాదాపు 25 వాట్లు. పొడవాటి తీగంతటా పరుచుకుంటే ఆ వేడి తెలియను కూడా తెలియదు. అదంతా ఒక్క లూజు స్క్రూ దగ్గరే పుడితే ప్లాస్టిక్కు నల్లబడి కరుగుతుంది. లైను వోల్టేజి దానంతటదే ఊగుతుంటుంది కనుక నాలుగైదుసార్లు వేసి ఆపి చూడండి. ప్రతిసారీ తేడా అంతే వస్తుంటే, ప్లగ్గు కూడా వేడెక్కుతుంటే, రాడ్డు వాడటం మానేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఫ్యాను, మోటారు, ఎల్ఈడీ బల్బులకు ఈ లెక్క ఇలాగే పనికిరాదు. ఏసీ కరెంటు మీద వాటికి పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి × కరెంటులో నిజంగా పవరయ్యే వంతు) అడ్డొస్తుంది. అది తర్వాతి పాఠంలో. పాత ఫిలమెంటు బల్బుది మరో చిక్కు. 230 వోల్టుల మీద వెలుగుతున్న 100 వాట్ల బల్బు నిరోధం 529 ఓమ్‌లు. ఆర్పి చల్లారాక, హోల్డరులోంచి తీసి మల్టీమీటరుతో కొలిస్తే అందులో పదోవంతు కూడా ఉండదు. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ నిరోధం అంతగా పెరుగుతుంది. రాడ్డులోని నిక్రోమ్ తీగకు ఆ మార్పు చాలా తక్కువ. మొదటి లెక్కకు రాడ్డునే ఎంచుకున్నది అందుకే.

అభ్యాసం: 230 వోల్టుల మీద ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లు తీసుకుంటోంది. దాని నిరోధం, పవర్ కట్టండి. ఆపైన, 2000 వాట్ల గీజరును 6 ఆంపియర్ల సాకెట్లో పెట్టవచ్చో లేదో లెక్కవేసి, కారణం రాసి ఉంచుకోండి. జవాబులు 5వ పాఠం మొదట్లో సరిచూసుకుందాం.