టెక్సాస్‌లో కొన్న స్థలంలో పాత మొబైల్ హోమ్ ఉంటే, దాన్ని తొలగించే కాంట్రాక్టరును కుదుర్చుకోవడం ఎలా?

టెక్సాస్‌లో ఊరికి దూరంగా రెండు మూడు ఎకరాలు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు, ఆ భూమితో పాటే పాడుబడిన మొబైల్ హోమ్ (కర్మాగారంలో తయారు చేసి, ఉక్కు చట్రం మీద తెచ్చి నిలిపే ఇల్లు) ఒకటి రావచ్చు. ఎక్స్‌కవేటరు వస్తే దాన్ని కూల్చడం ఒకటి రెండు రోజుల పని. అయితే కూల్చే ముందు కాగితాలు సరిచూసుకోవడం, కూల్చిన తరువాత శిథిలాలు ఎక్కడికి చేరాయో రుజువు తీసుకోవడం మాత్రం యజమాని స్వయంగా చూసుకోవలసినవే.

ముందుగా ఆ ఇల్లు ఎవరిదో తేల్చుకోవాలి. అక్కడ మొబైల్ హోమ్ యాజమాన్యాన్ని రాష్ట్ర గృహనిర్మాణ, సామాజిక వ్యవహారాల శాఖ ‘స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్’ అనే ప్రత్యేక పత్రంలో నమోదు చేస్తుంది. ఇంటిని స్థిరాస్తిగా మార్పించి ఉంటే తప్ప, భూమి మీ పేరిట రిజిస్టరు అయినంత మాత్రాన ఇల్లు మీదైపోదు. పాత యజమాని పేరో, తీరని బ్యాంకు అప్పో, కౌంటీకి (మన జిల్లా వంటి స్థానిక పాలనా విభాగానికి) కట్టవలసిన పన్ను బకాయో ఆ రికార్డులో ఇంకా ఉండవచ్చు. ఇంటి వెలుపల వెనుకవైపు బిగించిన చిన్న ఎర్ర రేకు మీది సంఖ్యతో గాని, సీరియల్ నంబరుతో గాని వివరాలు రాబట్టవచ్చు. ఈ రేకును తప్పనిసరి చేసిన సమాఖ్య ప్రభుత్వ ప్రమాణాలు 1976 జూన్ 15న అమలులోకి వచ్చాయి కనుక, అంతకు ముందు తయారైన ఇళ్లకు ఆ రేకు ఉండదు.

కాంట్రాక్టరు విషయానికి వస్తే, టెక్సాస్‌లో సాధారణ కాంట్రాక్టరుకు రాష్ట్రస్థాయి లైసెన్సు లేదు. పైగా అక్కడి ప్రైవేటు యజమానులు కార్మిక నష్టపరిహార బీమా తీసుకోకుండా ఉండే వెసులుబాటు కూడా ఉంది. అందువల్ల మిత్రులు వాట్సాప్‌లో పంపిన ఫోన్ నంబరును నమ్మి పని అప్పగించకుండా, బాధ్యతా బీమా, కార్మికుల బీమా రెండింటి ధ్రువపత్రాలూ అడిగి, అవి చెల్లుబాటులో ఉన్నాయో లేదో బీమా ఏజెంటుకు మీరే ఫోన్ చేసి కనుక్కోవాలి. కూలీకి మీ స్థలంలో గాయమైతే ఆ భారం ఎవరి మీద పడుతుందన్నది దీనిపైనే ఆధారపడుతుంది గనుక, ధర కన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

కనీసం ముగ్గురిని స్థలానికి పిలిపించి, ఇల్లు చూపించి, రాతపూర్వకంగా అంచనాలు తీసుకోండి. మెట్లు, వరండా, కింది కాంక్రీటు దిమ్మెలు, ఇంట్లో మిగిలిన సామాను కూడా తీసివేస్తారో లేదో అందులో స్పష్టంగా ఉండాలి. ఉక్కు చట్రం, ఇరుసులు, అల్యూమినియం రేకులు, రాగి తీగ తుక్కుకు అమ్ముడుపోతాయి. అవి కాంట్రాక్టరుకే వదిలితే ధర ఎంత తగ్గుతుందో అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఏసీ, ఫ్రిజ్‌లలోని వాయువును అర్హత గల సాంకేతికుడే తీయాలి. నేలకు అతికించిన పాత పలకల్లో, షీట్లలో, వాటి జిగురులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున కూల్చక ముందే పరీక్ష చేయించడం మంచిది.

అదే చోట కొత్త ఇల్లు కట్టే ఆలోచన ఉంటే సెప్టిక్ ట్యాంకు, బోరుబావి, కరెంటు స్తంభం మీకు చాలా విలువైనవి. వాటి చుట్టూ జెండాలు పాతి, బరువైన యంత్రాన్ని వాటి మీదుగా నడపకూడదనీ, నష్టం జరిగితే కాంట్రాక్టరే బాగు చేయించాలనీ ఒప్పందంలో రాయించండి. కరెంటు, గ్యాసు కంపెనీల చేతనే కనెక్షన్లు తీయించాలి. తవ్వకానికి కనీసం రెండు పనిదినాల ముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని లైన్లను గుర్తిస్తారు గాని, మీటరు నుంచి ఇంటికి వచ్చే సొంత లైన్లను సాధారణంగా గుర్తించరు.

శిథిలాలను అక్కడే కాల్చడం గాని, గోతిలో పూడ్చడం గాని చేయరాదన్న షరతు తప్పనిసరిగా ఉండాలి. ప్లాస్టిక్, కరెంటు తీగల తొడుగు వంటివి ఆరుబయట కాల్చడం రాష్ట్ర నిబంధనలకు విరుద్ధం. అడ్వాన్సు కొద్దిగానే ఇచ్చి, అనుమతి గల డంపింగ్ కేంద్రంలో ఇచ్చిన తూకం రసీదులు చేతికి వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించండి. ఆ రసీదులతో, ముందూ తరువాతా తీసిన ఫొటోలతో పైన చెప్పిన శాఖకూ, పన్ను కోసం ఆస్తి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకూ ఇల్లు తొలగించినట్లు తెలియజేయాలి. పన్నుకు జనవరి 1 నాటి స్థితినే లెక్కలోకి తీసుకుంటారు కనుక, పనిని డిసెంబరులోగా ముగించేలా గడువు పెట్టుకోండి.