శాండీ హుక్‌లో జెముడు పూలు చూడబోయే ముందు

అమెరికా తూర్పు తీరంలో ఎవరూ నాటకుండా, ఆ నేలకే పుట్టి పెరిగిన జెముడు ఒకటుంది: ఒపన్షియా హ్యుమిఫ్యూసా. న్యూజెర్సీలోని శాండీ హుక్ ఇసుక నేలల్లో జూన్, జూలై నెలల్లో పూస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి. మన ఊళ్ళో నాగజెముడు ముళ్ళు చూడగానే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. ఈ జెముడు మట్టలకు చాలావాటికి పెద్ద ముల్లే ఉండదు. నున్నగా ఉందని చెయ్యి వేస్తారు, ప్రమాదం అక్కడే.

ముట్టుకోకుండా వంగి చూడండి. మట్టమీద వరసగా చుక్కలుంటాయి. ఒక్కో చుక్కలో గోధుమరంగు కుచ్చు, అందులో వెంట్రుకకన్నా సన్నని నూగుముళ్ళు. వాటికి గాలానికి ఉన్నట్టు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. తాకితే చాలు, ఊడివచ్చి చర్మంలో దిగుతాయి. పండ్లమీదా ఉంటాయి.

మొక్క మోకాలెత్తు కూడా లేవదు, నేలబారుగా పాకుతుంది. మట్ట సాధారణంగా అరచేతికి మించదు. కొత్త మట్టమీద కనిపించే చిన్న పచ్చని కొమ్ములు ముళ్ళు కావు, ఆకులే. కొన్ని వారాల్లో రాలిపోతాయి. ఇక్కడ పువ్వు అడుగుదాకా పసుపే. ఒహాయో, మిషిగన్ వైపు నడుమ ఎరుపున్న పువ్వు కనిపిస్తే అది దీని దగ్గరి చుట్టం, ఒపన్షియా సెస్పిటోసా. చలికాలంలో మట్టలు నీరు వదులుకుని, ముడతలు పడి, ఊదారంగుకు తిరిగి ఇసుకలో వాలిపోతాయి. చచ్చిందనుకుని తొక్కకండి, అది బతికే ఉంటుంది.

చెప్పులు, శాండల్స్ వద్దు. బూట్లు, పొడవు ప్యాంటు వేసుకుని, అంచుల్ని సాక్సుల్లోకి దోపండి. రక్తం పీల్చే టిక్ పురుగుల (పిడుదుల) బెడద ఉంటుంది, తాకితే దురద, దద్దుర్లు తెచ్చే మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ కూడా అక్కడే పెరుగుతుంది. దారి దిగకండి. మట్టగానీ పండుగానీ కోయకండి. మసాచుసెట్స్‌లో ఇది అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది.

నూగు గుచ్చుకుంటే రుద్దవద్దు, నోటితో పీకవద్దు, నాలుకకు ఎక్కుతుంది. మంచి వెలుతురులో పట్టకారుతో కనిపించినవన్నీ తీయండి. తర్వాత పిల్లలు బడిలో వాడే తెల్ల గ్లూ పలచగా రాసి, పైన గాజుగుడ్డ పరిచి, పూర్తిగా ఆరాక ఒక అంచు నుంచి మెల్లగా లాగండి. పట్టకారుకు దొరకనివి చాలావరకు దాంతో వస్తాయి. కంట్లో పడితే మాత్రం ఇవేవీ చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.