చావు జరిగిన ఇంటికి తోడుగా ఉండటం ఎలా? (పదకొండో రోజు అయిపోయాక కూడా)

మా పిన్నిని మా ఊళ్ళో ఎవరూ ఏ పదవికీ ఎన్నుకోలేదు గానీ ఎవరింట్లో ఎవరు పోయినా మొదటి ఫోన్ ఆవిడకే వస్తుంది, టెంట్ హౌస్ వాడికి ఆ తర్వాత. చదివింది ఐదో క్లాసు, కొన్నాళ్ళు డ్వాక్రా గ్రూపు లీడర్‌గా చేసింది, అంతే. నేను పదేళ్ళుగా ఆవిడ వెనకాల టీ ఫ్లాస్కు మోసుకుంటూ తిరిగి చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. మీ కాలనీలో, అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు, లేకపోతే ఆ పని మీరే చేయొచ్చు, దానికి సర్టిఫికెట్ ఏం అక్కర్లేదు, కాస్త ఓపికా కాస్త సిగ్గు విడవటమూ కావాలి.

మొదటి స్టెప్: పెరటి గుమ్మం వైపు నుంచి వెళ్ళండి

అందరూ వీధి గుమ్మంలోంచి వెళ్ళి ఫ్రీజర్ బాక్సు చుట్టూ మూగుతారు. పిన్ని మాత్రం పెరట్లోంచి వెళ్తుంది. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అందుకని ముందు పిల్లలు ఏమైనా తిన్నారా అని చూస్తుంది, ముసలాళ్ళకి బీపీ మాత్రా షుగరు మాత్రా పడ్డాయా అని అడుగుతుంది, పక్కింట్లో ఇడ్లీకో ఉప్మాకో చెప్పేస్తుంది. భర్తని పోగొట్టుకున్న ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసి ఒక నమ్మకమైన కుర్రాడికి ఇస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఫోన్ చేసిన ప్రతివాడికీ "ఎలా జరిగింది" అన్న కథ మొదట్నుంచి చెప్పాల్సి వస్తుంది, నలభై సార్లు చెప్పాలంటే నలభై సార్లు చచ్చినట్టే. కుర్రాడే ఒక కాగితం మీద ఎవరెవరికి కబురు వెళ్ళింది, ఎవరు దారిలో ఉన్నారు అని రాసుకుంటాడు.

ఇంకోటి, శవం ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళని మర్యాదగా ఆపడం కూడా మన డ్యూటీనే.

రెండో స్టెప్: నోరు కాస్త అదుపులో పెట్టుకోండి

"ఏడవకు, పిల్లల మొహం చూసి గుండె రాయి చేసుకో", "ఆయుష్షు అంతవరకే రాసుంది", "మంచివాళ్ళనే దేవుడు తొందరగా తీసుకెళ్తాడు", పసిబిడ్డ పోయిన తల్లితో "నీకేం వయసైపోయిందా, మళ్ళీ కంటావులే". ఇవన్నీ ప్రేమగానే అంటాం, కాదనను, నేనూ అన్నాను. కానీ వినేవాళ్ళకి అవి "ఇక చాలు, ఆపు" అన్నట్టే వినపడతాయి.

మరి ఏం అనాలి? ఏమీ అనక్కర్లేదు. పక్కన కూర్చోండి చాలు, చెయ్యి పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి, మన ముసలమ్మలు మెడ పట్టుకుని శోకాలు పెట్టి ఏడుస్తారే, మా నాయనా నువ్వు అది చేసేవాడివి ఇది తెచ్చేవాడివి అని, దాన్ని మనం సినిమాల్లో చూసి నవ్వుకుంటాం గానీ ఆ రాగాల్లో పోయిన మనిషి బతుకంతా వస్తుంది, ఎవరూ ఆపకూడదు.

ఒకసారి బైక్ యాక్సిడెంట్లో కొడుకు పోయిన ఇంటికెళ్ళాం. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని గుమ్మం వైపు చూస్తోంది, కంట్లో చుక్క నీరు లేదు, చుట్టూ ఉన్న ఆడవాళ్ళేమో "ఏడిపించండమ్మా ఏడిపించండి, లేకపోతే గుండె పట్టేస్తుంది" అని ఒకటే గోల. పిన్ని వాళ్ళని అవతలకి పంపి ఆవిడ పాదం తీసి తన ఒళ్ళో పెట్టుకుని మెల్లగా రాస్తూ కూర్చుంది, అరగంట పైనే, ఒక్క మాట లేదు. తర్వాత మామూలుగా అడిగింది, "వాడికి చారులో పోపు గట్టిగా ఉండాలి కదక్కా?" అని. ఆవిడ మొహం తిప్పకుండానే "ఇంగువ" అంది. మళ్ళీ కాసేపటికి "పోపు కాదు, ఇంగువ ఎక్కువ వెయ్యమనేవాడు" అంది, అంతే, అక్కడ కట్ట తెగింది. పిన్ని అలా పాదం పట్టుకునే ఉంది సాయంత్రం దాకా, నేను ఫ్లాస్కులో టీ పోయడం కూడా మర్చిపోయాను.

అంటే పోయిన మనిషి పేరు ఎత్తడానికి భయపడకండి అని. లేచేటప్పుడు మాత్రం "వెళ్ళొస్తాం" అనకుండా లేచి వచ్చేయడం మన పద్ధతి, అది మాత్రం పాటించండి.

మూడో స్టెప్: వాళ్ళ పద్ధతి వాళ్ళది, మీ తెలివి మీ దగ్గరే ఉంచుకోండి

ఒకరు మూడో రోజు చిన్నకర్మ పదకొండో రోజు పెద్దకర్మ అంటారు, తెలంగాణలో దినాలు అంటారు, ముస్లింల ఇళ్ళల్లో నలభయ్యో రోజు, భర్త పోయినావిడకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ (మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఆగే గడువు), క్రిస్టియన్లయితే ఆదరణ కూటం (ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన). సాయం చేయడానికి వెళ్ళినవాళ్ళం అక్కడ "ఇదంతా మూఢనమ్మకం" అనో "అలా కాదు ఇలా చేయాలి" అనో లెక్చర్ ఇవ్వకూడదు. నాకు వీటిమీద పెద్ద నమ్మకం లేదు కానీ కాకి పిండం ముట్టనప్పుడు ఏం జరుగుతుందో చూశాక కాస్త మెత్తబడ్డాను. కాకి రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు, అప్పుడు తమ్ముడో బావమరిదో ముందుకొచ్చి "నీ కూతురి పెళ్ళి మేం దగ్గరుండి చేస్తాం, బెంగ పెట్టుకోకు" అని గట్టిగా చెప్తాడు. కాకి వచ్చిందా రాలేదా అన్నది నాకనవసరం, ఆ మాట ఇరవై మంది ముందు అన్నాడు చూడండి, అది ఆ పిల్ల విన్నది. పిన్ని కూడా ఆ మాటని గుర్తు పెట్టుకుని మూడేళ్ళ తర్వాత ఆ బావమరిదికి గుర్తు చేసింది!

ఒక్క విషయంలో మాత్రం పిన్ని అడ్డం తిరుగుతుంది. భర్త పోయినావిడకి గాజులు పగలగొట్టి బొట్టు చెరిపే తంతు. ముందురోజు రాత్రే ఆవిడ్ని ఒంటరిగా పక్కకి తీసుకెళ్ళి "నీకు ఇష్టమేనా, వద్దా" అని అడుగుతుంది, వద్దంటే ఆడపడుచులతో గొడవ తను పెట్టుకుంటుంది, ఆవిడ మీదకి రానివ్వదు. 2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ ఈ ఆచారాలు మా ఊళ్ళో వద్దని తీర్మానం చేసింది, ఆ ప్రభుత్వం కూడా మిగతా ఊళ్ళని అలాగే చేయమంది. ఆ సంగతి పేపర్లో చదివి చెప్తే పిన్ని "చూశావా, ఊరు ఊరంతా అనుకుంటే ఎంత ఈజీనో" అంది.

నాలుగో స్టెప్: కాగితాలు (ఇది బోరే గానీ తప్పదు)

దుఃఖంలో ఉన్నవాళ్ళకి కాగితం మీద అక్షరం ఎక్కదు, అందుకే ఈ పని బయటివాళ్ళే చూడాలి. చావు జరిగిన 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి, ఇంట్లో పోతే పంచాయతీ సెక్రటరీ దగ్గరో మున్సిపాలిటీలోనో, ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్ళే కబురు పంపుతారు కానీ పంపారో లేదో కనుక్కోండి. ఆధార్‌లో పేరూ సర్టిఫికెట్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా చూసుకోండి, ఒక అక్షరం తేడాకి ఆర్నెల్లు తిరిగినవాళ్ళని చూశా. కాపీలు పది దాకా తీసుకోండి.

తర్వాత బ్యాంక్ పాస్‌బుక్ ప్రింట్ వేయించి చూడండి. ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయినట్టుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తుంది. 20 రూపాయలు కట్ అయితే సురక్షా బీమా, యాక్సిడెంట్‌లో పోతే దాంట్లో 2 లక్షలు. చాలామందికి తమ ఇంటాయన పేరు మీద ఇవి ఉన్నాయనే తెలీదు. తెలంగాణలో పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ళ లోపు వయసులో పోతే రైతు బీమా 5 లక్షలు, 2018 నుంచి ఉంది, మండలంలో వ్యవసాయ అధికారిని కలవాలి.

మూడో రోజే ప్రామిసరీ నోటు పట్టుకుని వచ్చేవాడు ఒకడు ఉంటాడు. "పెద్దకర్మ అయ్యాక రండి, పెద్దమనుషుల ముందు మాట్లాడదాం" అని చెప్పి పంపేయండి, ఆవిడ చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

ఐదో స్టెప్: పందిరి తీసేశాక అసలు పని

నేను ఈ ఆర్టికల్ రాస్తున్నదే దీనికోసం. పదకొండు రోజులు ఇల్లు జనంతో కిటకిటలాడుతుంది, పన్నెండో రోజు ప్లాస్టిక్ కుర్చీలు ఆటో ఎక్కుతాయి, చుట్టాలు బస్సెక్కుతారు, ఇంట్లో ఇద్దరో ఒక్కరో మిగులుతారు, రాత్రి ఎనిమిదింటికి అన్నం ఎంత వండాలో అర్థం కాదు.

మనవాళ్ళలో నిద్రకి తీసుకెళ్ళడం అని ఒకటుంది కదా, చుట్టాలు తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. ఇప్పుడు అందరూ మొక్కుబడిగా చేసేస్తున్నారు, పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోంచేసి వచ్చేస్తున్నారు, దాన్ని నిద్ర ఎలా అంటారో మరి. నిజంగా పడుకోబెట్టండి, కుదిరితే రెండు మూడు ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని వేరు వేరు వారాల్లో తీసుకెళ్ళండి.

పిన్ని ఏం చేస్తుందంటే గోడ క్యాలెండర్ మీద పెన్నుతో చిన్న చుక్కలు పెట్టుకుంటుంది. పన్నెండో రోజు, ఇరవయ్యో రోజు, నెల మాసికం, పోయినాయన పుట్టినరోజు, పెళ్ళిరోజు, సంక్రాంతి. ఆ చుక్క రోజున ఏదో ఒక వంకతో వెళ్తుంది, కరివేపాకు కావాలనో గ్యాస్ సిలిండర్ నంబర్ చూడమనో. ఏడాది పాటు ఆ ఇంట్లో పండగ ఉండదు కాబట్టి అరిసెలు చేసిన రోజు వాళ్ళ వాటా ముందే తీసి డబ్బాలో పెట్టి పంపుతుంది. "ఏమైనా కావాలంటే అడుగు" అనే మాట పిన్ని నోట నేనెప్పుడూ వినలేదు, ఎందుకంటే ఎవరూ అడగరు. "రేపు బజారుకెళ్తున్నా, నీకు బియ్యం పట్రానా, కందిపప్పు పట్రానా" అంటుంది.

వెళ్ళినప్పుడు లోపల కాకుండా అరుగు మీదే కూర్చుంటుంది. జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్టు 2006 నుంచి ఇదే పని పెద్ద ఎత్తున చేయిస్తున్నాడు, ముసలమ్మలకి ట్రైనింగ్ ఇచ్చి క్లినిక్ బయట బెంచీల మీద కూర్చోబెట్టి దిగులుతో వచ్చినవాళ్ళతో మాట్లాడిస్తాడు. వాళ్ళ షోనా భాషలో దిగులుకి వాడే మాటకి అర్థం అతిగా ఆలోచించడం అంట, మనం "ఆలోచన పట్టుకుంది" అంటామే అచ్చం అలాగే. పిన్నికి చెప్తే "మరి బెంచీ ఎందుకు, అరుగు లేదా వాళ్ళకి" అంది.

పిల్లలూ, మగవాళ్ళూ

పిల్లలతో "నాన్న ఊరెళ్ళాడు", "నిద్రపోతున్నాడు" అని చెప్పకండి, ఆ తర్వాత వాళ్ళకి ఊరన్నా నిద్రన్నా భయం పట్టుకుంటుంది. చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పేం లేదు, నిన్ను మేం చూసుకుంటాం అని వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి, పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే చెప్పండి. తలకొరివి పెట్టిన కొడుకుని ఎవరూ పట్టించుకోరు, వాడు పురోహితుడికీ వంటవాడికీ డబ్బులు లెక్కపెట్టడంలోనే ఉంటాడు, వాడి ఏడుపు ఏ మూడో నెలలోనో బయటికొస్తుంది, చాలాసార్లు మందు గ్లాసులో. వాడి ఫ్రెండ్‌ని ఒకణ్ణి పట్టుకుని వారానికోసారి కలవమనండి.

మన చేతుల్లో లేనిది ఎప్పుడు?

ఏడుపు రావడం, కోపం రావడం, పోయిన మనిషి గొంతు వినపడినట్టు అనిపించడం జబ్బులు కావు. కానీ నెలలు గడిచినా తిండి లేక చిక్కిపోతున్నా, స్నానం కూడా మానేసినా, "నేనూ ఆయన దగ్గరికే పోతా" అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆర్నెల్లు దాటినా మనిషిని కదలనివ్వని దుఃఖాన్ని ట్రీట్‌మెంట్ కావాల్సిన సమస్యగానే రాసింది. అలాంటప్పుడు "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే తీసుకొచ్చేయండి, 14416 టెలీ మానస్ నంబర్‌కి మీరే డయల్ చేసి ఫోన్ చేతికివ్వండి, ఫ్రీ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆత్మహత్య జరిగిన ఇంట్లో అయితే ఎందుకు ఎలా అన్న ప్రశ్నలు అస్సలు వద్దు, ఊరంతా వాళ్ళని అప్పటికే అడిగేసి ఉంటుంది.

సోదె అడగడానికి వెళ్తాం అంటే పిన్ని నవ్వదు, తనూ కూడా వెళ్తుంది. "కూడా వెళ్తే వాళ్ళు పదివేలు అడిగినప్పుడు బేరం ఆడటానికి మనిషి ఉంటారు" అంటుంది. ఆత్మ శాంతించలేదు, హోమం చేయకపోతే ఇంకో చావు ఉంది అని భయపెట్టేవాణ్ణి మాత్రం గుమ్మం దాటనివ్వదు.

దూరంగా ఉన్నవాళ్ళకి

డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసిన కొడుకులూ కూతుళ్ళూ ఉన్నారు, వాళ్ళ చుట్టూ పరామర్శ అనేదే ఉండదు, మర్నాడు లాప్‌టాప్ ముందు కూర్చోవాల్సిందే. మీకు దగ్గర్లో అలాంటివాళ్ళుంటే పప్పూ అన్నం డబ్బాలో పట్టుకుని వెళ్ళండి, ఫోన్ చేసి పర్మిషన్ అడక్కండి.

మీ సంగతి

పిన్ని ప్రతి చావింటి నుంచీ వచ్చాక బావి దగ్గర తలస్నానం చేసి ఓ గంట ఎవరితోనూ మాట్లాడదు, మేం కూడా పలకరించం. ఒకే వారంలో రెండు ఇళ్ళయితే రెండో దానికి వేరేవాళ్ళని పంపుతుంది. మీ ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయుంటే మీరు కొన్నాళ్ళు ఈ పనికి దూరంగా ఉండండి.

ఎప్పటిదాకా వెళ్ళాలి అని ఒకసారి అడిగాను. సంవత్సరీకం అయ్యేదాకానా అంటే, కాదంది. ఆ ఇంగువ అన్నావిడ ఏడాదిన్నర తర్వాత ఒక సాయంత్రం తనే మా అరుగు మీదకొచ్చి కూర్చుని టమాటా కిలో ఎనభై చేశాడు దొంగ సచ్చినోడు అని గంటసేపు తిట్టింది. ఆవిడ వెళ్ళాక పిన్ని క్యాలెండర్ మీద చుక్కలు పెట్టడం ఆపేసింది.