మడి నుంచి మురుగు బోదెలోకి ఎరువు ఎంత పోతోందో లెక్క చూసుకోవడం ఎలా

యూరియా చల్లిన రెండో రోజే గండి తెరిచి నీళ్లు మురుగు బోదెలోకి వదిలేసేవాళ్లు మన డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. కొల్లేరు చుట్టుపక్కల పొలాలైతే ఆ నీళ్లు చివరికి సరస్సులోకే చేరి గుర్రపు డెక్కను మేపుతాయి. డబ్బు మనది, మేత దానికి. ఎంత పోతోందో తెలియాలంటే నీళ్లు పరీక్ష చేయించాలి, అయితే నమూనా తప్పుగా తీస్తే ఆ ఖర్చు కూడా బోదెలో పోసినట్టే.

మడిలోకి నీరు వచ్చే చోట ఒక నమూనా, బయటికి పోయే చోట ఒకటి, రెండూ ఒకే రోజు తీయండి. పంట కాలువలోకే పైవాళ్ల ఎరువు కొంత కలిసి వస్తుంది కాబట్టి, బయటికి పోయే నీళ్లొక్కటే చూసి మన ఖాతాలో రాసుకుంటే లెక్క తప్పుతుంది.

పోషకాలకు (నత్రజని, భాస్వరం), లోహాలకు (జింక్, రాగి, కాడ్మియం) సీసాలు వేరు. పోషకాల సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి, ఐస్ పెట్టెలో పెట్టి మర్నాటికల్లా ల్యాబ్‌కి చేర్చాలి. సబ్బుపొడితో మాత్రం కడగొద్దు, కొన్నిటిలో ఫాస్ఫేట్ ఉంటుంది. లోహాల సీసాలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, కానీ అది మీరు వేయకండి, ల్యాబ్ వాళ్లనే వేసి ఇమ్మనండి, ఆ సీసాను కడగొద్దు, యాసిడ్ కొట్టుకుపోతుంది. జింక్ పూత వేసిన ఇనుప బకెట్‌తో ముంచారంటే ఆ పూతలోని జింక్ కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది, ప్లాస్టిక్ మగ్గు చాలు. అడుగున బురద కలపకుండా ముంచండి, ఎందుకంటే లోహాలు ఎక్కువగా బురదకే అంటుకుని ఉంటాయి.

ఏం అడగాలి? చాలామంది నైట్రేట్ ఒక్కటే అడుగుతారు. నీళ్లు నిలిచిన వరి మడిలో యూరియా ముందు అమ్మోనియాగా మారుతుంది, అందుకే అమ్మోనియా నత్రజని చూడకపోతే అసలు దొంగ దొరకడు. దాంతోపాటు భాస్వరం, జింక్, రాగి, కాడ్మియం అడగండి. కాడ్మియం ఎక్కణ్ణుంచి అంటారా, ఫాస్ఫేట్ ఎరువులు తయారుచేసే రాతిలోనే అది కొంత ఉంటుంది. రిపోర్టులో నైట్రేట్ అని ఉందా, నైట్రేట్ నత్రజని అని ఉందా చూసుకోండి, మొదటిదైతే 4.43తో భాగిస్తేనే నత్రజని వస్తుంది. పోల్చి చూసుకోవడానికి, తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003.

ఇక లెక్క. ఎకరంలో అంగుళం నీళ్లంటే సుమారు 1,03,000 లీటర్లు. బయటికి పోయే నీళ్లలో నత్రజని (అమ్మోనియా నత్రజని, నైట్రేట్ నత్రజని రెండూ కలిపి) వచ్చే నీళ్లకన్నా లీటరుకు 10 మిల్లీగ్రాములు ఎక్కువుంటే, అంగుళం నీళ్లు వదిలినందుకు ఎకరానికి కిలో పైచిలుకు నత్రజని పోయింది, అంటే రెండు కిలోలకు పైగా యూరియా.

ఈసారి మడిలో నీళ్లు ముందే తీసేసి, పదును మీద యూరియా చల్లి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టండి, గండి వారం దాకా ముట్టుకోవద్దు. తర్వాత మళ్లీ అవే రెండు చోట్ల నమూనాలు తీసి పాత రిపోర్టుతో పోల్చండి.