పాత గ్రాండ్ పియానోకి కొత్త హ్యామర్లు: జిగురుకు ముందు, తర్వాత

యాక్షన్‌ను (కీలు, హ్యామర్లు ఉండే యంత్రభాగాన్ని) బయటికి లాగేటప్పుడు ఒక్క కీ కూడా నొక్కుకోకూడదు. నొక్కుకుంటే తీగను కొట్టే ఫెల్ట్ తల, అంటే హ్యామర్, లేచి పైన పిన్‌బ్లాక్‌కి (తీగలు బిగించే పిన్నులున్న చెక్క దిమ్మకి) కొట్టుకుని దాని సన్నని చెక్క కాడ, అంటే షాంక్, విరిగిపోతుంది.

88 హ్యామర్లకీ నంబర్లు వేయండి. ప్రతి విభాగంలో మొదటిదీ చివరిదీ పీకకుండా గుర్తుగా ఉంచండి. అయితే బోర్ కొలతకు (షాంక్ దూరే రంధ్రం నుంచి హ్యామర్ మొన దాకా దూరానికి) వాటిని నమ్మొద్దు. ఏళ్ల తరబడి ఆకురాయి పడ్డ ఫెల్ట్ ఎంతో కొంత కురచైపోయి ఉంటుంది. కీబెడ్ (కీల కింది పలక) నుంచి తీగ ఎత్తు కొలిచి, అందులోంచి షాంక్ తిరిగే ఇరుసు, అంటే సెంటర్ పిన్, ఎత్తు తీసేయండి. మిగిలిందే షాంక్ మధ్య నుంచి హ్యామర్ మొన దాకా ఉండాల్సిన దూరం.

పై ఆక్టేవ్‌లో దెబ్బ పడే చోటు ఒక్క మిల్లీమీటరు తప్పినా స్వరం మొద్దుబారుతుంది. చివరి స్వరానికి హ్యామర్‌ను జిగురు లేకుండా తొడిగి, యాక్షన్‌ను కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ వాయించి చూడండి. గంటలా మోగిన చోటే సరైనది.

పాత షాంకులే వాడుతుంటే ఫ్లాంజ్‌ను (సెంటర్ పిన్‌తో షాంక్‌ను పట్టి ఉంచే చిన్న ముక్కను) పట్టుకుని షాంక్‌ను ఊపి చూడండి. ఐదారుసార్లు ఊగి ఆగాలి. వానాకాలం తేమకు పిన్ చుట్టూ ఉన్న గుడ్డ ఉబ్బి బిగుసుకుపోతుంది. తర్వాత షాంక్ నడక చూడాలి. పైకి లేస్తూ కుడికి వాలుతుంటే ఫ్లాంజ్ అడుగున కుడి అంచుకే సన్నని కాగితం పట్టీ అంటించాలి. చాలామంది ఈ పని దాటేసి హ్యామర్‌ను వంకరగా అంటించి సర్దుకుంటారు. అప్పుడది కింద తిన్నగానే కనిపిస్తుంది, తీగ దగ్గరికి వచ్చేసరికి పక్కకి పోతుంది.

హ్యామర్ రంధ్రం షాంక్‌పై చేతితో తిరిగేంత వదులుగా ఉంటే చాలు. బిగుతైతే చెక్క పగులుతుంది, మరీ వదులైతే తర్వాత టకటకమంటుంది. వేడి జంతు జిగురు రాసి, తొడిగి, ఒక్క చుట్టు తిప్పితే అతుకు చుట్టూ జిగురు ఉంగరంలా నిలుస్తుంది. అది నిమిషంలో పట్టేస్తుంది కాబట్టి ఒకేసారి పది షాంకులకు రాసుకోకండి. గుర్తు హ్యామర్ల మొనల మీదుగా దారం లాగి, మధ్యవాటిని ఆ వరసకు తేవాలి. పక్క నుంచి చూస్తే షాంక్‌కి నిట్టనిలువుగా ఉండాలి.

జిగురు ఆరాక కొద్దిపాటి వాలు కనిపిస్తే షాంక్‌ను స్పిరిట్ దీపంతో వెచ్చబెట్టి మెల్లగా తిప్పండి. ఎడం తేడా ఉంటే ఫ్లాంజ్ మర వదులు చేసి జరపండి.

రెగ్యులేషన్‌కి (యాక్షన్ కదలికల సర్దుబాటుకి) సాధారణంగా మొదలుపెట్టే కొలతలు: హ్యామర్ నుంచి తీగకు 45 మి.మీ., యాక్షన్ హ్యామర్‌ను వదిలేసే చోటు తీగకు 1.5–2 మి.మీ. దూరం. చివరగా హ్యామర్‌ను మెల్లగా మూడు తీగలకీ ఆనించి ఒక్కో తీగ మీటండి. మోగిన తీగకు ఫెల్ట్ తగలడం లేదు. తక్కిన తీగలను ఆపుతున్న వైపు ఫెల్ట్‌ను సన్న ఎమరీతో తేలిగ్గా ఒరిపి, మళ్లీ మీటి చూడండి.