వానలు మొదలయ్యే ముందు మందారానికి తీసుకోవలసిన జాగ్రత్తలు

మందారానికి తడి ఎంత అవసరమో, వేళ్ళ చుట్టూ నిలిచిన నీరు అంత ప్రమాదం. మట్టిలో గాలి ఆడవలసిన సందులన్నీ నీటితో నిండిపోతే వేళ్ళకు ఊపిరాడదు, కొద్ది రోజుల్లోనే అవి కుళ్ళడం మొదలవుతుంది. అప్పుడు ఆకులు పసుపు పచ్చబడి, మట్టి తడిగానే ఉన్నా కొమ్మలు తలలు వాల్చేస్తాయి. దాన్ని దాహమనుకుని మరో రెండు చెంబులు పోయడంతో ఎన్నో మంచి మొక్కలు చేజారిపోతాయి. అందుకే తొలి వాన పడకముందే నీరు పోయే దారి చూసుకోవాలి.

నేలలో పెరిగే మొక్కయితే, దాని వేళ్ళు తెగనంత దూరంలో 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి నీటితో నింపండి. అది ఇంకిపోయాక మరోసారి నింపి, సగం రోజు గడిచినా నీరు అలాగే ఉంటే ఆ చోటును నమ్మకూడదు. ఎండాకాలంలో నీరు ఆగడం కోసం కట్టిన పాదు గట్టును ఒకవైపు తెగ్గొట్టి, చిన్న కాలువ తీసి, మట్టిని మొదలు నుంచి బయటికి వాలుగా సర్దాలి. కాండానికి ఆనించి మాత్రం మట్టి ఎగదోయకండి, ఎప్పుడూ తడిసి ఉండే బెరడు కుళ్ళిపోతుంది. కుండీ అయితే పక్కకు ఒరిగించి అడుగు చూడండి: చాలాసార్లు తెల్లని వేళ్ళు జాలీలా అల్లుకుని రంధ్రాన్ని పూర్తిగా మూసేసి ఉంటాయి. ఒక పుల్లతో ఆ రంధ్రాన్ని తెరిచి, కింది పళ్ళెం తీసేసి, కుండీని రెండు ఇటుకల మీద నిలపండి.

మందారం కొత్త చిగుళ్ళ మీదే పూస్తుంది కాబట్టి కత్తిరింపుకు భయపడనక్కరలేదు గానీ, కోసిన గాయాలు పొడిగా ఆరాలి కనుక ఆ పని వానలకు మూడు నాలుగు వారాల ముందే ముగించాలి. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా కనిపించే కొమ్మ బతికున్నదే. గోధుమరంగులో ఎండి ఉన్నదాన్ని తీసేయవచ్చు. పచ్చి కొమ్మల్లో మూడో వంతుకు మించి తగ్గించకూడదు. పొడవుగా ఎదిగిన కొమ్మలను పాత గుడ్డపీలికతో కర్రకు వదులుగా కట్టండి, బిగిస్తే గాలికి ఊగినప్పుడు బెరడు ఒరుసుకుపోతుంది.

కొమ్మ వెంట చీమలు బారులు తీరి ఎక్కుతుంటే చిగుళ్ళ మడతల్లోనూ, ఆకుల అడుగునా దూదిపింజల్లా అంటుకుని ఉండే పిండినల్లి కోసం వెతకండి. ముందు తడిగుడ్డతో తుడిచి, తరువాత లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. వాన వచ్చేలా ఉన్న రోజున చల్లితే అంతా కడుక్కుపోతుంది.

ఎరువు విషయంలో తొందర వద్దు, భారీ వానకు ముందు వేసినది చాలావరకు నీటితోనే పోతుంది. పెద్ద వాన వెలిసిన మరునాటి ఉదయం మాత్రం తప్పకుండా మొదలు దగ్గర వేలు దించి చూడండి. మట్టి ఇంకా బురదగా జారుతుంటే కాలువను మరికొంత లోతు చేయాలి.